కుట్లు పడితేనే సెలవు

నేను అమ్మేది లోపలి బట్టలు. లంగాలు, డ్రాయర్లు, బాడీలు, నైటీలు. ఏలూరు తంగెళ్ళమూడిలో మా ఇల్లు. వారంలో సగం రోజులు మూటలు ఆటోలో వేసుకుని కొల్లేటి లంకలు తిరుగుతాను. చీరలమ్మేవాళ్ళకి ఒక ఇంటి దర్జా తెలుస్తుంది. నా వ్యాపారంలో అది తెలియదు. ఎవరు చిక్కిపోయారు, ఎవరు నీళ్ళోసుకున్నారు, ఎవరికి తెల్లబట్ట అవుతోంది, ఇవి తెలుస్తాయి. సైజు చెప్పేటప్పుడు ఆడమనిషి ఎక్కువసేపు అబద్ధమాడలేదు.

శ్రీదుర్గ అబద్ధం ఆడబోయింది. తాయారమ్మగారి కోడలామె. పెంటపాడు పిల్ల. వరిచేల మధ్య పుట్టి చేపల చెరువుల మధ్యకి కాపురానికొచ్చింది. పుట్టింట్లో పురుడు పోసుకుని, మగపిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చాక మొదటిసారి నా మూట దగ్గర కూచుంది. వెనకటి సైజు తీసి చూపిస్తే వద్దంది.

"దీనికంటే బాగా తక్కువ సైజు ఇవ్వండి. మందంగా, బిగుతుగా ఉండాలి."

కాన్పయినాక ఒళ్ళు పెరుగుతుంది గాని తరగదు. అంత బిగుతువి నా దగ్గర కొనేది పెద్దవాళ్ళు. లోపల గుడ్డ మడిచి పెట్టుకుని, పైనుంచి డ్రాయరు బిగించుకుంటారు, జారేదాన్ని ఆపడానికి. ఎందుకో వాళ్ళు చెప్పరు, నేనడగను, సరుకు మాత్రం విడిగా తెస్తాను. ఈ వయసు పిల్లకి ఆ సరుకు అమ్మడానికి చెయ్యి రాలేదు.

మంచినీళ్ళు అడిగి ఆమె వెనకాలే వంటగదిలోకి వెళ్ళాను.

"ఎప్పట్నుంచి అమ్మాయ్?"

"ఏంటండీ?"

"నేనూ ముగ్గుర్ని కన్నాను. చెప్పు."

గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడింది. "పురుడైన దగ్గర్నుంచేనండీ. పిల్లాడు బరువు కదా, నొప్పులు చాలాసేపు పడ్డాను. పొద్దున లేచేసరికి ఏం ఉండదు. చెరువు దగ్గర చేపల ట్రేలు మోశాక, సాయంత్రానికి కోడిగుడ్డంత దిగి చేతికి తగులుతుంది. దగ్గితే బట్ట తడిసిపోతుంది." గొంతు ఇంకా తగ్గించింది. "క్యాన్సరు కాదుగదండీ?"

"కాదే పిచ్చిపిల్లా. గర్భసంచి జారింది. లోపల పట్టు వదిలింది. మీ అత్తగారికి చెప్పావా?"

"గుడ్డ పెట్టుకోమంది. ఊళ్ళో మందులాయన సంచి తీయించెయ్యమన్నాడు. తీసేస్తే మళ్ళీ పిల్లలు పుట్టరు కదండీ?"

"పుట్టరు."

"నాకో ఆడపిల్ల కావాలండీ." అనేసి సిగ్గుపడింది. "మా అమ్మ పోయేదాకా నా జడ తనే వేసింది. పెళ్ళయ్యాక కూడా, వెళ్ళినప్పుడల్లా కూచోబెట్టేసేది. నాకూ అలా ఒకత్తి ఉండాలని."

ఆ రోజు ఆమెకి డ్రాయర్లు అమ్మలేదు.

ఆమెకున్నది నాకూ ఉంది. మూడో కాన్పు తర్వాత దిగితే ఏలూరులో కామేశ్వరి డాక్టరమ్మ రింగు పెట్టింది. మెత్తటి సిలికాన్ రింగు. లావుపాటి గాజులా ఉంటుంది, నొక్కితే మడతపడుతుంది. లోపలికి వెళ్ళాక విచ్చుకుని, జారేదాన్ని పైన నిలబెడుతుంది. నేనే తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకుంటాను. మా ఆయన ముబారక్‌కి అది ఉన్నట్టే గుర్తుండదు. మూటలు ఎత్తే పని ఆటో అతనికి అప్పజెప్పాను. నడుం లాగిన రోజు వ్యాపారం మానేసి పడుకుంటాను. అడిగేవాళ్ళు లేరు.

తాయారమ్మగారు ముఠా మేస్త్రి. చెరువు పట్టుబడి అంటే మగవాళ్ళు వల లాగుతారు, ఈవిడ ముఠా ఆడవాళ్ళు చేపని సైజువారీ ఏరి, ట్రేల్లో పోసి, కాటా దాకా మోస్తారు. ట్రేకి ఇద్దరు. ఒకరు ఆగితే జత కూడా ఆగిపోవాల్సిందే. శ్రీదుర్గకి జత తాయారమ్మే.

నేను వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూచుని సన్నచేపలకి బూడిద రాసి తోముతోంది.

"మీ కోడల్ని ఒకసారి ఏలూరు తీసుకెళ్ళొస్తానండీ."

"ఎందుకంటండీ?"

"మీకు తెలిసిందే."

"తెలిసిందే. నాకూ ఉంది. మా ప్రేమ్‌కుమార్ పుట్టినప్పుడు దిగింది. ఇప్పటిదాకా గుడ్డతోనే మోస్తున్నాను. నేను చచ్చానా?"

"చావలేదు. కూచునేటప్పుడు ఒక పక్కకి ఒరిగి కూచుంటున్నారు."

చేప పక్కన పడేసి నావంక చూసింది. "మీ కళ్ళు మంచివి కావండీ సఫియాగారూ."

"బట్టలమ్మేదాన్ని కదండీ."

ఎదుటివాళ్ళకి ఎక్కడ నష్టమో అక్కడ వేలు పెడితేనే బేరం కదులుతుంది. కోడలి నొప్పి తాయారమ్మ లెక్కలో లేదు, తన నొప్పే లేదు కాబట్టి. పని లెక్కలో ఉంది.

"మందులాయన చెప్పినట్టు ఆపరేషన్ చేయించారనుకోండి, మూడు నెలలు మంచం. చెంబెత్తకూడదు. పట్టుబళ్ళ కాలంలో మీ జత ఎవరు? రింగయితే ఒక్క పూట. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటుంది."

"కోతా కుట్లూ ఉండవా?"

"ఉండవు."

"అయితే ఎల్లుండి చెరువుకి వచ్చేస్తుందన్నమాట."

"వస్తుంది. కాని మోయకూడదు. ఏరే పని ఇవ్వండి."

"చూద్దాం లెండి."

చూద్దామనేది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. కాని ఆ రోజు అంతకంటే మంచి మాట ఆవిడ నోట్లోంచి రాదు. ఆ మాటతోనే బేరం ముగించాను. ప్రేమ్‌కుమార్ చెరువుల దగ్గర, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకుంటాడు. వాణ్ణి అడిగితే, "అమ్మ సరేనంటే నాదేం ఉందండీ" అన్నాడు. వాడిది ఎప్పుడూ ఏం ఉండదు.

కామేశ్వరిగారు మాటల్లో గడుసు, చేతుల్లో మెత్తన. రకరకాల సైజులు చూసి ఒకటి పెట్టింది. మంచం దింపింది.

"దగ్గమ్మా. గట్టిగా. గొంతుక్కూచో. లే. ఆ గుమ్మం దాకా నడిచిరా. జారినట్టుందా?"

"లేదండీ."

"నొప్పి?"

"అసలేం తెలీట్లేదండీ." ఆ మాట అంటూనే నావంక తిరిగి నవ్వింది. ఆ పిల్ల పళ్ళు చూడ్డం నాకదే మొదలు.

తీయడం, పెట్టుకోవడం ఆమె చేతే చేయించింది. సబ్బుతో ఎలా కడగాలో, మళ్ళీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలో చెప్పింది. ఒంటేలు ఆపుకున్నట్టు బిగబట్టి వదిలే కసరత్తు నేర్పింది. చివర్లో వేలు చూపించి మరీ చెప్పింది.

"బరువు ఎత్తావంటే ఇది నిలవదు. ట్రేలు లేవు, బిందెలు లేవు. లోపల కండకి పట్టు రావాలి. ఇంకో బిడ్డ కావాలంటే నిక్షేపంగా కనొచ్చు, అప్పుడు మళ్ళీ చూసుకుందాం. సంచి తీయించుకోవడానికి తొందరపడకు. తీసేసినా మిగతాది జారదని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు."

బస్టాండులో చెరకురసం తాగించాను. పిల్లాణ్ణి నాకిచ్చి, ఊరికే ఆ చివరిదాకా నడిచి వచ్చింది. "నడిస్తే ఏం తగలట్లేదండీ" అని మళ్ళీ ఒకసారి నడిచింది. పళ్ళబండి అతను మావంక వింతగా చూశాడు. నా వ్యాపారంలో కొన్నవాళ్ళు అంత సంతోషించిన సరుకు ఇంకోటి లేదు.

తర్వాత ఆ ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటి దగ్గర ఎవరూ లేరు. చెరువు గట్టున ఉన్నారంటే ఆటో అటు తిప్పించాను. పట్టుబడి సాగుతోంది. ఐసు లారీ నిలబడి ఉంది. తాయారమ్మ ముందు, శ్రీదుర్గ వెనక, మధ్యలో బొచ్చె చేపలతో నిండిన ట్రే. గట్టు ఎక్కుతున్నారు.

నన్ను చూసి తాయారమ్మే ముందు పలకరించింది. "రండి సఫియాగారూ! మీ పుణ్యమాని పిల్ల గుర్రంలా ఉంది."

"డాక్టరమ్మ మోయొద్దంది కదండీ."

"జారినప్పుడు కదా మోయొద్దని? ఇప్పుడు జారట్లేదుగా." ముఠావాళ్ళవైపు తిరిగి, "మా కోడలికి లారీకి వేసినట్టు లోపల కమాను పట్టీ వేయించామే" అంది. అందరూ పగలబడి నవ్వారు. "అయితే లోడు పెంచొచ్చు పిన్నీ" అని ఎవరో అన్నారు. శ్రీదుర్గ కూడా నవ్వింది. ట్రే దింపాక నడుం పట్టుకుని, కాస్త ఆగి మళ్ళీ వెళ్ళింది.

వాళ్ళని అని లాభం లేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల యార్డులో నేను చూసిందే. బండికి కొత్త పట్టీలు వేయిస్తే, బండి హాయిగా నడుస్తుందని ఎవరూ వేయించరు. ఇంకాసిని బస్తాలు వేయొచ్చని వేయిస్తారు.

ఆ తర్వాత శ్రీదుర్గ నా మూట దగ్గరికి రావడం తగ్గించింది. వస్తే, "బానే ఉందండీ" అనేది. బానే ఉన్నవాళ్ళు అంత తొందరగా అనరు. ఒకసారి బలవంతాన పక్కకి తీసుకెళ్ళి అడిగితే చెప్పింది.

"పోయిందండీ."

"ఎక్కడ పోయింది?"

"గట్టుమీద. ట్రే ఎత్తుతుంటే పడిపోయింది. పెద్ద చేప, పైగా అత్తయ్య ఒక్కసారిగా లేపింది. లంగా కింద నుంచి జారి గట్టు పల్లంలోకి దొర్లిపోయింది. ట్రే చేతిలో ఉంది, వదలడానికి లేదు. కాటా దగ్గర దింపి వెనక్కి వచ్చేసరికి..." ఆగింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టింది. "మా ఆయన చేతిలో ఉందండీ."

"ప్రేమ్‌కుమార్ చేతిలోనా?"

"ఏరియేటరు వాషరు ఊడిపడిందనుకున్నాడండీ. మెకానిక్‌తో, 'ఇది ఏ మోటారుదిరా, కొత్తదిలా ఉంది' అంటున్నాడు. ఆ మెకానిక్కేమో లాగి చూసి, వాసన చూసి, 'మంచి క్వాలిటీయండీ, మనది కాదేమో' అంటున్నాడు. చుట్టూ పదిమంది మగాళ్ళు. ఏమని అడగనండీ? అది నాది, ఇవ్వండి అననా?"

"ఇంటికొచ్చాకైనా మొగుడితో చెప్పలేకపోయావా?"

"చెప్పానండీ. 'ఛీ' అన్నాడు. చేతులు కడుక్కున్నాడు. పోయి తీసుకురమ్మంటే, ఇప్పుడు దాన్ని తీస్తే ఎందుకని అడుగుతారు, నా పరువేం కావాలన్నాడు. మోటారు షెడ్డులో మేకుకి తగిలించి ఉంది. ఎప్పుడైనా పనికొస్తుందని. నేను గట్టుకి వెళ్ళినప్పుడల్లా కనపడుతుంది."

నేను నవ్వాను. నవ్వకూడదని తెలిసీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ గుడ్డ పెట్టుకుంటోందట.

"పోనీలే. ఎల్లుండి ఏలూరు వెళ్దాం. డాక్టరమ్మ ఇంకోటి పెడుతుంది. ఇంకాస్త పెద్ద సైజు నిలుస్తుందేమో చూస్తుంది."

"వద్దండీ."

"భయమా?"

"కాదండీ. నేను తాడేపల్లిగూడెంలో ఆపరేషన్ చేయించుకుంటున్నాను. మా అన్నయ్య నర్సింగ్‌హోములో మాట్లాడాడు. పొట్ట కోసి సంచి తీసేస్తారట."

ఆ మాట తాయారమ్మ నోటి నుంచి వస్తే నాకు ఆశ్చర్యం ఉండేది కాదు.

"ఎవరు చేయించుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అన్నాను."

"మరి ఆడపిల్ల?"

గోడవైపు చూసింది. "పక్కింటి సరోజక్కకి నిరుడు సంచి తీశారు కదండీ. మూడు నెలలు ఎవరూ పని చెప్పలేదు. వాళ్ళత్త గయ్యాళిది, మీకు తెలుసుగా, ఆవిడే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఊరంతా బత్తాయిలూ బ్రెడ్డూ తెచ్చి, మంచం పక్కన కూచుని, ఎలా ఉందే అని అడిగారు. నాకు రింగు పెట్టినప్పుడు ఎవరైనా అడిగారా? మర్నాడే ట్రే ఎత్తించారు. కుట్లుంటే అందరికీ కనపడతాయండీ. రింగు ఎవరికి కనపడుతుంది?"

"రింగుతో నీకు సుఖంగా ఉంది కదా. నీ నోటితోనే అన్నావు."

"ఉందండీ. ఆ సుఖం నన్ను వాడుకోనిచ్చారా?" మొదటిసారి గొంతు లేచింది. వెంటనే దించేసింది. "మీరు కోప్పడకండి. నాకు పడుకోవాలని ఉందండీ. అంతే. ఎవరూ లేపకుండా. ఒక్కసారి పడుకుంటే చాలనిపిస్తోంది. పిల్లల సంగతి... ఉన్నవాడు చాల్లెండి. ఆడపిల్ల పుట్టినా దాన్ని మాత్రం ఏం చేస్తారు, ట్రేకి జత కడతారు."

అయినా వదల్లేదు. బేరం చెడినప్పుడు, డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గరికి ఇంకోసారి వెళ్ళాలి. తాయారమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి చుట్టు తిప్పలేదు.

"ఆ పిల్లకి మూడు నెలలు విశ్రాంతి కావాలండీ. ఎటూ ఆపరేషన్ అయితే ఇస్తారు. ఆ మూడు నెలలేవో ఇప్పుడే ఇవ్వండి, సంచి మిగులుతుంది. రింగు పెట్టుకుని పడుకుంటుంది. పట్టు వస్తుంది. మీకు నష్టం లేదు, రెండు వైపులా రోజులు ఒకటే."

ఇంత శుద్ధమైన లెక్క నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. తాయారమ్మకి అర్థం కాకపోలేదు. ఒక పక్కకి ఒరిగి కూచుని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరన్నది నిజమేనండీ. కాని ఎలా పడుకోబెట్టమంటారు? పచ్చి బాలింత కాదు, జ్వరం లేదు, కుట్లు లేవు. ముఠావాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళందరికీ జారలేదా? కామాక్షికి లేదా, లక్ష్మికి లేదా? కోడలని కూచోబెట్టి మమ్మల్ని మోయిస్తావా అని మొహాన్నే అంటారు. రేపు ప్రతిదీ నాకూ జారిందంటే చెరువు ఎవరు పడతారు?" ఆగి, తగ్గి అంది. "అదే కోశారనుకోండి, అడగడానికి ఎవరికీ నోరుండదు. నేనే దగ్గరుండి చేస్తాను. దానికేం తక్కువ చేయను."

చేయదని కాదు. చేస్తుంది. అదే నాకు మింగుడుపడలేదు. ఆవిడ దగ్గర దయ ఉంది. దాన్ని ఇవ్వడానికి ఊరికి చూపించుకునే కోత ఒకటి కావాలి.

కామేశ్వరిగారికి ఫోన్ చేశాను. ఒకసారి తీసుకురండి, నేను మాట్లాడతాను అంది. శ్రీదుర్గ రాలేదు. తాడేపల్లిగూడెంలో ఆ నర్సింగ్‌హోమువాళ్ళు ఆ పిల్ల వయసు అడిగి రాసుకున్నారట. ఇంకేం అడగలేదట.

ఆపరేషన్ అయినాక చూడ్డానికి వెళ్ళాను. స్టేషను నుంచి నడిచే దూరం. ముందు వైపు గుండీలున్న కాటన్ నైటీ ఒకటి తీసుకెళ్ళాను. పాలివ్వడానికని కాదు, కుట్లు ఒత్తుకోకుండా ఉంటుందని. గది నిండా జనం. లంక నుంచి ముఠా ఆడవాళ్ళు సగంమంది వచ్చారు. కిటికీ మీద బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా. అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. గట్టున కమాను పట్టీ అని నవ్వినవాళ్ళే, ఇప్పుడు "ఎంత కష్టపడ్డావే తల్లీ" అని పాదాలు నొక్కుతున్నారు. ప్రేమ్‌కుమార్ బయట బెంచీ మీద పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

తాయారమ్మ మంచం పక్కన కూచుని బత్తాయి తొన వలిచి, గింజలు తీసి, కోడలి నోట్లో పెడుతోంది. శ్రీదుర్గ మొహం పాలిపోయి ఉంది గాని, ఒళ్ళు పూర్తిగా పరుపుకి వదిలేసి ఉంది. అలా వదిలేసి పడుకున్న మనిషిని ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

"ఎలా ఉంది అమ్మాయ్?"

"బాగుందండీ. రాత్రంతా నిద్రపోయాను." నా చెయ్యి పట్టుకుని దగ్గరికి వంచింది. "సఫియాగారండీ, మీకు తెలిసి ఉంటుంది. మూడు నెలలూ ఎప్పట్నుంచి లెక్కేస్తారండీ? కోసిన రోజు నుంచా, ఇంటికెళ్ళిన రోజు నుంచా?"

"ఇంటికెళ్ళిన రోజు నుంచని చెప్పు" అన్నాను. "ముందు ఎక్కువే అడగాలి."

తాయారమ్మ తలెత్తలేదు. ఇంకో తొన వలిచింది.

"కోసిన రోజు నుంచే" అంది, తొన కోడలి పెదాల దగ్గర పెడుతూ.